కాలువ నీళ్ళతో వేసిన ఎరుపు

మా రంగుల మేస్త్రి గారు కిందటి నెల పోయారు. ఆ కబురు తెచ్చింది కొల్లేటి లంకల నుంచి చేపల గంప ఎత్తుకుని ఏలూరు వచ్చే ఒక ఆవిడ. పొద్దున్నే రంగుల పాక గుమ్మం ముందు గంప దించి, "మీ రంగుల పెద్దాయన తెల్లారగట్ట పోయారమ్మా. కూతుర్ని మంచినీళ్ళు అడిగి తాగారంట, పక్కకి తిరిగి పడుకున్నారంట, అంతే" అని చెప్పింది. కళ్ళు తుడుచుకుని గంప మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎండెక్కితే చేపలు పాడైపోతాయి, ఆవిడను తప్పుపట్టలేను. నేను పొయ్యి మీదున్న పటిక నీళ్ళు దింపించి, నిప్పు ఆర్పించి, ఏడుద్దామని కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒంట్లో బాగా లేదని ఒక్క ముక్క కబురు పెట్టకూడదా ఈ మనిషి అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత దారిలో వచ్చింది.

సగం దూరం ఎడ్లబండి మీద, మిగతా సగం తాటి దోనె మీద వెళ్ళాం. మా తివాచీల కార్ఖానా యజమాని సాయిబు గారు కూడా వచ్చారు. ఆయన తండ్రి నాటి నుంచీ మేస్త్రి గారు ఆ కార్ఖానాలోనే రంగులు వేశారు. దోనె ఆగిన చోట మోకాలి లోతు నీళ్ళుంటే, సాయిబు గారు చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరి సాయమూ తీసుకోకుండా నడిచి గట్టెక్కారు. లంక మీద ఎత్తయిన చోట గుంట తవ్వారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తూ, "ఈయన జయశాలి" అన్నారు. నాకు అంత దుఃఖంలోనూ నవ్వు వచ్చింది. మేస్త్రి గారు ఆ మాట విని ఉంటే, "ఆయ్, అంత లేదండి పాస్టరు గారూ, నేను పాడుచేసిన రంగు కాగులు మీకు తెలీదు" అని అడ్డం వచ్చేవారు. కానీ దోనెలో తిరిగి వస్తూ ఆలోచించుకుంటే పాస్టరు గారు అన్నదే సరైన మాట అనిపించింది. ఎందుకో మీకు చెబుతాను.

మీలో ఆయన్ను చూసినవారు తక్కువే ఉంటారు. తివాచీ కొనేవారికి నేసిన చేతుల మీద కాస్త గౌరవం ఉంటుంది గాని, ఉన్నికి రంగు వేసిన చేతులు ఎవరికీ గుర్తు రావు. ఆయనది సన్నటి మనిషి. వేళ్ళు ముంజేతి దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. ఆదివారం మందిరానికి తెల్లటి చొక్కా తొడుక్కుని వచ్చినా చేతులు మాత్రం నీలంగానో పచ్చగానో ఉండేవి, ఆ చేతులతోనే ప్రభు భోజనం తీసుకునేవారు. పొయ్యి వెలిగించే ముందు టోపీ తీసి ఒకటే ప్రార్థన చేసేవారు. "ప్రభువా, ఇవాళ్టి పని నీది, తప్పులు మావి. రెండూ నీ ముందే ఉంటాయి." అంతే, ఆమెన్ కూడా లోపలే అనుకునేవారు. ఏ రంగు వేయబోయినా ముందు కాలువ నీళ్ళు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసేవారు. నీళ్ళ రుచి తెలియకుండా రంగు వేయడమంటే పిల్లను చూడకుండా పెళ్ళి ఒప్పుకోవడమే అనేవారు.

ఇంకొక అలవాటు ఉంది. ఆ రోజు ఎవరి పని పాడైతే వాళ్ళ పక్కన కూర్చుని మధ్యాహ్నం అన్నం తినేవారు. నేతగాడు ముడులు తప్పు వేసినా, ఉన్ని కడిగే మనిషి చిలపలు, అంటే ఉన్ని దారం చుట్టలు, చిక్కు పెట్టినా సరే, మేస్త్రి గారు తన గిన్నె పట్టుకుని వెళ్ళి అక్కడ చతికిలబడేవారు. తిట్టడమూ లేదు, ఓదార్చడమూ లేదు. ఎండు చేప ముక్క సగం తుంచి వాళ్ళ అన్నం మీద పెట్టేవారు. అందుకని ఆయన గిన్నె పట్టుకుని లేచారంటే కార్ఖానా అంతా తలలు తిప్పి చూసేది. "ఇవాళ ఎవరి వంతండీ?" అని నేతగాళ్ళు నవ్వేవారు. ఆ నవ్వులో పాడుచేసినవాడు కూడా కలిసిపోయేవాడు.

నేను ఆ కార్ఖానాకు వెళ్ళింది ఇష్టపడి కాదు. మిషను బోర్డింగులో చదువుకున్నాను, టీచరమ్మనవుతానని మా అమ్మ పేటంతా చెప్పుకుంది. ట్రైనింగు పరీక్ష తప్పాను. మళ్ళీ రాసి మళ్ళీ తప్పాను. రెండోసారి తర్వాత మూడు నెలలు తలుపు చాటునే ఉన్నాను. అసలే నాకు నోరెక్కువ. పరామర్శకు వచ్చినవారిని ఒక్కొక్క మాటతో గడప దాటించేదాన్ని. మేస్త్రి గారి ఇల్లు మా ఇంటికి మూడో ఇల్లు. ఒకరోజు ఆయన వచ్చి, నన్ను చూడనట్టే మా అమ్మతో, "ఏవండీ అమ్మగారూ, మా పాకలో చిలపలకి నంబరు చీటీలు రాసే మనిషి లేక చస్తున్నామండి. అమ్మాయి చేతిరాత బాగుంటదంట కదండీ" అన్నారు. చీటీలు రాయడానికి వెళ్ళాను. ఉన్ని వాసన, నేతగాళ్ళ పరాచికాలు, వాళ్ళు నన్ను 'టీచరమ్మ గారు' అని పిలవడం, ఏదీ నచ్చలేదు. నెల రోజులు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే రాశాను. తర్వాత ఒకరోజు ఆయన మంజిష్ఠ వేరు ఉడుకుతున్న రాగి కాగులోంచి కర్రతో ఒక చిలప పైకి లేపి ఎండకు పట్టారు. ఆ ఎరుపు చూశాక కొంగు తీసేశాను. రెండేళ్ళు తిరక్కుండా కాగు నా చేతికి వచ్చింది. ఆడమనిషి చేతికి కాగు ఇవ్వడం ఆ కార్ఖానాలో అదే మొదలు. సాయిబు గారు వద్దనలేదు గాని, మొహం మాత్రం సంతోషంగా పెట్టలేదు.

అప్పుడు మందీ రోజులు. ఇంగ్లాండు సీమ నుంచి వచ్చే ఆర్డర్లు ఆగిపోయి, ఆరు మగ్గాల్లో నాలుగు ఖాళీగా ఉన్నాయి. అలాంటప్పుడు తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు యజమాని ఒకాయన, కొత్తగా కట్టించిన మేడ మీద హాలుకు పెద్ద తివాచీ కావాలన్నారు. నడిమి భాగమంతా ఒకటే ఎరుపు, చుట్టూ నీలం అంచు. ఆ ఒక్క తివాచీ మీద ఆ ఏడాది పది కుటుంబాల పొయ్యి వెలగాలి.

మా ప్రాంతంలో వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేస్తారని మీకు తెలుసు. కట్టేసే ముందే మేస్త్రి గారు తొట్లన్నీ కాలువ నీళ్ళతో నింపించారు. అంతలో కూతురి పురుడని ఆయన లంకకు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు, "ఈ నీళ్ళు సగం ఉన్నికే వస్తయ్యి అమ్మాయ్. మిగతా సగం కాలవ వదిలాక వేద్దాం. ఎవరు తొందరపెట్టినా నువ్వు తొందరపడకు" అని చెప్పారు. నేతగాళ్ళు మగ్గం ఎక్కారు. సగం ఉన్ని అయిపోయింది. సాయిబు గారు రోజూ పాక గుమ్మంలో నిలబడి నన్నేమీ అనకుండా ఖాళీ కాగును చూసి వెళ్ళేవారు. అనేస్తే బాగుండేది. ఐదో రోజున నా బుర్రకు ఒక ఆలోచన వచ్చింది. పెరట్లో నుయ్యి ఉంది కదా, నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాను. చదువుకున్నదాన్ని, మేస్త్రి గారు లేకుండా పని గట్టెక్కిస్తే టీచరమ్మ అన్న ఎగతాళి పోతుందనుకున్నాను. నుయ్యి నీళ్ళు చేదించి కాగు నింపి, మంజిష్ఠ వేసి, మిగతా ఉన్నికంతా రంగు వేశాను. ఆ నీళ్ళు రుచి చూడలేదు. ఆ నూతి నీళ్ళలో తుప్పు ఉందని ఊళ్ళో చాకలివాళ్ళందరికీ తెలుసు.

ఆరిన తర్వాత ఎరుపు కాస్త మసకగా కనిపించింది. చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. ఉతికితే కలిసిపోతుందిలే అని నాకు నేనే చెప్పుకుని, కాగు మారితే చీటీ మీద నంబరు మారాలని తెలిసీ, పాత ఎరుపుకు రాసిన నంబరే కొత్త చిలపల చీటీల మీద అందమైన చేతిరాతతో రాశాను. మేస్త్రి గారు వచ్చేసరికి ఆ ఉన్ని మగ్గం మీద ఉంది. నేసిన భాగం ఎప్పటికప్పుడు కింది దుంగకు చుట్టుకుపోతుంది కాబట్టి, పాత ఎరుపు లోపల ఉండిపోయి, కొత్త ఎరుపు పక్కన కనిపించే వీలు లేదు. ఆయన ఒకటి రెండుసార్లు మగ్గం దగ్గరికి వచ్చి ఉన్నిని వేళ్ళతో నలిపి చూసి వెళ్ళారు. ఏమీ అనలేదు. బతికానురా దేవుడా అనుకున్నాను.

తివాచీ మగ్గం నుంచి దించిన రోజున వాకిట్లో ఎండలో పరిచారు. అందరం చుట్టూ నిలబడ్డాం. దొర్లుతూ విచ్చుకుంది. సగం దాకా ఎరుపు వెలిగిపోతోంది, అక్కడి నుంచి గీత గీసినట్టు మసక. నేతగాళ్ళలో పెద్దాయన తన చేతులకేసి చూసుకున్నాడు, మూడు నెలల పని ఆ చేతులది. నేను తల దించుకోలేదు. దించుకుంటే పడిపోతానేమోనని భయం.

సాయిబు గారు నావైపు చూసి, "టీచరమ్మ గారిని బడికే పంపండి మేస్త్రీ, బడిలో పాడైతే పలకలే కదా పాడయ్యేది" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మేడ మీద దీపాల వెలుతురులో ఎవరికి తెలుస్తుంది? చుట్టేసి పంపిద్దాం" అన్నారు.

"దీపాల వెలుతురులో తెలీదండి సాయిబు గారూ. పొద్దున్నే వాళ్ళు కిటికీ తీస్తారు కదండీ" అన్నారు మేస్త్రి గారు.

ఆ మధ్యాహ్నం నేను కాలువ గట్టు మీద దూరంగా కూర్చున్నాను. కాలువకు అప్పటికి నీళ్ళు వచ్చేశాయి. మేస్త్రి గారు గిన్నె పట్టుకుని వచ్చారు. వెనక ఎవరూ నవ్వలేదు. ఆయన చతికిలబడి ఎండు చేప తుంచి నా అన్నం మీద పెట్టారు. నేను అన్నం ముట్టకుండా నా గోడు మొదలుపెట్టాను. దేవుడికి నేనంటే ఇష్టం లేదని, పరీక్ష రెండుసార్లు తప్పించాడని, ఇది మూడోదని, ఇక నేను ఏ పనికీ పనికిరానని ఆయన తేల్చేశాడని అన్నాను.

"దేవుడికి వేరే పనేం లేదేంటి అమ్మాయ్, నీ కాగులో తుప్పునీళ్ళు పొయ్యడానికి? పోసింది నువ్వు" అన్నారాయన. నాకు ఒళ్ళు మండింది. ఆయన తీరిగ్గా అన్నం కలుపుకుంటూ, "నువ్వు రెండు తప్పులు చేశావు. నీళ్ళు చూసుకోలేదు, అది పని తప్పు. దానికి ఏడవక్కర్లేదు, నేర్చుకుంటే పోద్ది. చీటీ మీద పాత నంబరే రాశావు చూడు, అది వేరే తప్పు. దానికి మాత్రం మోకాళ్ళ మీద పడాల్సిందే. రెండూ కలిపేసుకుని ఒకే ఏడుపు ఏడిస్తే ఏదీ తీరదు" అన్నారు.

తర్వాత కొల్లేటి మనిషి కదా, చేపల మాట ఎత్తారు. "సువార్తలో ఆ చేపలవాళ్ళు ఉన్నారు కదమ్మా, రాత్రంతా వల వేసి ఒక్కటీ పడనివాళ్ళు. మా నాన్న ఆ కథ చదివినప్పుడల్లా ఏడ్చేవాడు, ఆయనకి తెలుసు కదా ఆ కష్టం. ప్రభువు పొద్దున్నే గట్టు మీద నిలబడి ఏమడిగాడు? ఏమన్నా పడ్డాయా అని అడిగాడు. ఆయనకి తెలీకనా? వాళ్ళ నోటితో లేదండీ అనిపించాడు. లేదండీ అన్నాకే కదా వల నిండింది. పడ్డాయండీ అని గొప్పలు పోయుంటే ఆయన మంచిదేనయ్యా అని వెళ్ళిపోయుండేవాడు."

"అయితే ఇప్పుడేం చెయ్యాలండీ?"

"ముందు అన్నం తిను. రేపు గూడెం వెళ్ళి లేదండీ అని చెప్పొద్దాం. చెప్పేది నువ్వే."

మరునాడు రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాం. వెలిగే ఎరుపు చిలప ఒకటి, మసక ఎరుపు చిలప ఒకటి సంచిలో పెట్టుకున్నాం. మిల్లు యజమాని వాకిట్లో మమ్మల్ని అరుగు దాటి రమ్మనలేదు. అది మాకు కొత్త కాదు, మేమూ ఆశించలేదు. మేస్త్రి గారు నిలబడ్డ చోటునే తీరుగా నిలబడ్డారు. నేను రెండు చిలపలూ అరుగు మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నుయ్యి సంగతి చెప్పాను, చీటీ సంగతీ చెప్పాను. ఆయన నిజాయితీకి మెచ్చుకుని భుజం తట్టాడని మీరు అనుకుంటారేమో. అదేమీ లేదు. "నా మేడకి రెండు రంగుల తివాచీనా? వద్దు" అన్నాడు. లోపలికి వెళ్ళబోయి, ఏమనుకున్నాడో ఆగాడు. "కార్తీకం వెళ్ళేలోపు ఒకటే రంగుది తెస్తే చూస్తాను. ఈసారి రంగు ఎవరు వేస్తారు మేస్త్రీ? నువ్వేనా?"

"కాదండి. ఈ అమ్మాయేనండి."

నేను ఉలిక్కిపడ్డాను. మిల్లు యజమాని మొహం చిట్లించి, "పాడుచేసిన మనిషితోనా?" అన్నాడు.

"ఎలా పాడవుద్దో తెలిసిన మనిషండి. మా కార్ఖానాలో ఇప్పుడు ఆ నూతి జోలికి పోదని నమ్మకంగా చెప్పగలిగింది ఈవిడ ఒక్కర్తి గురించేనండి" అన్నారు మేస్త్రి గారు. ఆ పెద్దమనిషి లోపలికి వెళ్ళిపోయాడు.

తిరుగు రైల్లో నేను ఆయనతో పోట్లాడాను. నన్ను అడగకుండా నా పేరు ఎందుకు చెప్పారని, మళ్ళీ పాడైతే కార్ఖానా మూతపడుతుందని, ఆయనే వేస్తే ఎవరికీ భయం ఉండదు కదా అని అన్నాను. ఆయన కిటికీలోంచి వరిచేలకేసి చూస్తూ కూర్చున్నారు. సాయిబు గారు ఇంకా గట్టిగా పోట్లాడారు. మేస్త్రి గారు అంతా విని, "నా చేతిలో నీలిమందు బాన మూడుసార్లు చచ్చి, రంగు పట్టకుండా పోయినప్పుడు మీ నాన్నగారు నన్ను ఉంచారు కదండీ" అన్నారు. చివరికి సాయిబు గారు, "సరే, ఒక్కసారి" అన్నారు.

ఆయన నా పేరు ఎందుకు చెప్పారో ఆ ఆదివారం తెలిసింది. మా మందిరంలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్పడం ఉంది. జ్వరం తగ్గినవారు, వ్యాజ్యం గెలిచినవారు, కొడుక్కి రైల్వేలో ఉద్యోగం వచ్చినవారు లేచి, దేవుడు ఇంత మేలు చేశాడని చెప్పి కూర్చుంటారు, అందరం స్తోత్రం అంటాం. పని పాడైందని లేచినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు ఒకాయన కొత్త పెంకుటిల్లు కట్టినందుకు స్తోత్రం చెప్పి కూర్చోగానే మేస్త్రి గారు లేచారు.

"మా పని ఈ వారం పాడైపోయిందండి" అన్నారు. అందరూ తిరిగి చూశారు. "తివాచీ రెండు రంగులైపోయింది. తప్పు ఎవరిదని మీరంతా అనుకుంటున్నారో నాకు తెలుసు. సగమే నిజం. ఆ ఉన్ని నేను మగ్గం దగ్గర చేత్తో పట్టుకుని చూశాను. నాకు తేడా తెలీలేదు. నా కళ్ళకి పొరలు కమ్మాయండి. ఆరు నెలలైంది. ఎరుపేదో కావి రంగేదో ఆనడం లేదు. రంగుల మేస్త్రికి కళ్ళు పోయాయంటే ఇంకేముందండి, చెప్పడానికి భయం వేసింది. ఆ అమ్మాయి దాచింది కొద్ది రోజులు, నేను దాచింది ఆరు నెలలు. ఇప్పుడు చెప్పేశాను. ప్రభువుకి స్తోత్రం."

మందిరంలో ఒక్కరూ స్తోత్రం అనలేదు. దేనికి అనాలో తెలియలేదు పాపం. పెద్దల్లో ఒకాయన దగ్గాడు. అప్పుడు నేను లేచాను. నేనెందుకు లేచానో నాకే తెలియదు, కాళ్ళే లేచాయి. పరీక్ష రెండుసార్లు తప్పానని, అది పేటంతా తెలిసినా నా నోటితో ఎన్నడూ చెప్పలేదని చెప్పాను. నుయ్యి సంగతి చెప్పాను, దొంగ చీటీ సంగతి చెప్పాను. చివర స్తోత్రం అనాలో వద్దో తెలియక ఆగిపోయాను. వెనక వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ నా బదులు, "స్తోత్రం తల్లీ!" అని పెద్దగా అంది. మందిరమంతా అందుకుంది. ఆ శబ్దం ఇంకా నా చెవుల్లో ఉంది. నా జీవితంలో ఏ పరీక్షా ఇవ్వని ధైర్యం నాకు ఆ పూట వచ్చింది.

అక్కడి నుంచి మా మందిరంలో అదొక ఆచారమైపోయింది. పంట మునిగినవాడు లేచి చెబుతాడు, లెక్క తప్పి ఉద్యోగం పోగొట్టుకున్న గుమాస్తా లేచి చెబుతాడు, నిజం చెప్పినందుకు స్తోత్రం అంటాం. ఆ తర్వాత మధ్యాహ్నం ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని ఆ ఇంటికి వెళతారు. పెంకుటిళ్ళ సాక్ష్యాలు ఇప్పటికీ ఉన్నాయి, కాకపోతే వాటికి పూర్వమున్నంత గిరాకీ లేదు.

మిగతా కథ మీరు అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. రెండు రంగుల తివాచీని మా ఊరి ప్లీడరు గారొకరు అంతా విని, తెలిసే కొనుక్కుని ఆఫీసు గదిలో వేసుకున్నారు. కేసు గెలిచేవాళ్ళు వెలుగు వైపు, ఓడేవాళ్ళు మసక వైపు కూర్చుంటారని ఆయన హాస్యమాడతారట. రెండో తివాచీ కార్తీకంలోనే తాడేపల్లిగూడెం మేడ ఎక్కింది. పగలు కిటికీలన్నీ తీయించి చూసుకుని మరీ ఒప్పుకున్నాడు ఆ మిల్లు యజమాని. మేస్త్రి గారు ఆ తర్వాత కూడా నాలుగేళ్ళు కార్ఖానాకు వస్తూనే ఉన్నారు. కళ్ళు పనిచేయకపోయినా నాలుక పనిచేస్తుందని నీళ్ళు రుచి చూసే పని ఆయనే పెట్టుకున్నారు. చివరి ఏడాది మాత్రమే లంకకు, కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు.

కానీ ఆయన్ను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది రెండోసారి ఎరుపు వేసిన రోజు. అప్పటికి గోదావరికి వరద తగిలి కాలువ నీళ్ళు మట్టి రంగులో పారుతున్నాయి. మూడు రోజులు తొట్లలో పట్టి, చిల్లగింజ అరగదీసి కలిపి, తేట తేర్చాను. సాయిబు గారు మళ్ళీ గుమ్మంలో నిలబడేవారు. నేను చూడనట్టు ఉండిపోయాను. నాలుగో రోజు పొద్దున మేస్త్రి గారూ నేనూ ఒకే తొట్టి నీళ్ళు దోసిళ్ళతో నోట్లో పోసుకున్నాం. ఆయన ఉమ్మేసి, "నువ్వు చెప్పు" అన్నారు. "తియ్యగా ఉన్నాయండి" అన్నాను. ఆయన టోపీ తీసి ప్రార్థన చేశారు, నేను పొయ్యి వెలిగించాను.

రోజంతా కాగు దగ్గరే ఉన్నాను. చెయ్యి కాలింది, లెక్కచేయలేదు. పొద్దువాలే ముందు చిలపలన్నీ కాలువలో జాడించి గట్టు పొడుగునా దండేల మీద ఆరేశాం. నాకు బాగానే కనిపించాయి. కానీ నా కళ్ళ మీద నాకే నమ్మకం లేదు, ఒకసారి నన్ను మోసం చేసిన కళ్ళవి. మేస్త్రి గారు దండెం వెంబడి నడుస్తూ ఒక్కొక్క చిలపా చేత్తో తడుముతున్నారు. ఆయనకు కనిపించేది ఏదో చీకటి ముద్దేనని నాకు తెలుసు. చివరిదాకా నడిచి తిరిగి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

అప్పుడే కాలువలో ధాన్యం పడవ ఒకటి వచ్చింది. మేస్త్రి గారు గట్టు అంచుదాకా వెళ్ళి చెయ్యెత్తి, "ఏవండీ, పడవగారూ! ఆ చిలపలు ఏ రంగులో ఉన్నాయండీ?" అని అడిగారు.

పడవవాళ్ళకు అది వింత ప్రశ్నే. గెడ వేస్తున్న మనిషి గెడ ఆపి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. "ఎర్రగానండి!" అని కేకేశాడు. "మందార పూల్లాగ ఉన్నాయండి!"

"అన్నీ ఒకటే ఎరుపేనాండీ? తేడా ఉందాండీ?"

"అన్నీ ఒకటేనండి! ఎవరేశారండీ?"

మేస్త్రి గారు గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే. పడవ అప్పటికే మమ్మల్ని దాటిపోతోంది. ఆయన దాని వెంట గట్టు మీద నాలుగడుగులు గబగబా నడిచి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, అవతలి గట్టు మీద మేస్తున్న గేదెలు తలెత్తేటంత గట్టిగా, "మా కొత్త మేస్త్రి గారండీ!" అని కేకపెట్టారు.